వి-క్రాస్‌కు ఇనుప బంపర్ చేయించే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగిందాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటా, తేడా ఉంటే సరిదిద్దు. నీది కడప. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ పికప్ తీసుకున్నావు. రాయచోటి అవతల మామిడి తోట, తారు రోడ్డు దిగినాక నాలుగు కిలోమీటర్ల మట్టిదోవ, మధ్యలో ఒక వంక. రాత్రిపూట అడవిపంది అడ్డం వచ్చి ముందు బంపర్ ఎడమ మూల పగిలింది. వెల్డింగ్ షాపాయన "6 మి.మీ. ప్లేటుతో చేస్తా, లారీ గుద్దినా కదలదు" అన్నాడు. ఇప్పుడు 3 మి.మీ. వేయించాలా, 5 వేయించాలా, 6 వేయించాలా, వించి (కూరుకుపోయిన బండిని తాడు చుట్టుకుంటూ లాగే మోటారు) పెట్టించాలా, పోలీసులు ఆపుతారా అని నీ టెన్షన్.

నాది అనంతపురంలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. ట్రాక్టర్ ట్రాలీలు, బోరు లారీల మీద స్టాండ్లు, రేకుల షెడ్లు, ఇవే నాకు కూడు పెట్టేవి. బంపర్లు మధ్యలో వచ్చిన పిచ్చి. 2005లో ఒక కమాండర్ జీపుకు మొదటిది చేశా, 8 మి.మీ. ప్లేటు వేసి మరీ. చేసిన రోజు అందరూ చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు. ఆరు నెలలకు ఆ జీపు ముందు స్ప్రింగు పట్టీలు వాలిపోయి ముక్కు నేలకు దించుకుని నిలబడింది. బంపర్‌కు మాత్రం చిన్న సొట్ట కూడా లేదు. అప్పటి నుంచి చేసినవాటిలో సగం తప్పులు చేసి నేర్చుకున్నవే, ఆ తప్పులే నీకు చెప్తా.

ముందు ఆ "లారీ గుద్దినా కదలదు" మాట తీసుకుందాం. బంపర్ కదలకపోతే దెబ్బ ఎక్కడికి పోతుంది? బంపర్ వెనక బిగించిన బ్రాకెట్‌కు, అక్కడి నుంచి ఛాసిస్ కొమ్ములకు (బండి కింది ఫ్రేము ముందు చివరలకు), అక్కడి నుంచి సీటులో కూర్చున్న నీకు. కంపెనీ బంపర్ లోపల ప్లాస్టిక్ వెనక థర్మాకోల్ లాంటి మెత్తని దిమ్మె, దాని వెనక ఒక సన్నటి అడ్డపట్టీ, దాని వెనక నలగడానికే పెట్టిన భాగాలు ఉంటాయి. అవి నలిగి చస్తేనే మనిషి బతుకుతాడు. ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతం ఇచ్చే సెన్సార్లు కూడా బండి ముందు భాగం ఎంత వేగంగా ఆగిపోతోందో చూసి నిర్ణయం తీసుకుంటాయి. నువ్వు అక్కడ కదలని ఇనుప దిమ్మెను పెడితే ఆ లెక్క మారిపోతుంది. పేలాల్సినప్పుడు ఆలస్యంగా పేలొచ్చు, అవసరం లేని చిన్న దెబ్బకే పేలొచ్చు. ఆస్ట్రేలియాలో కంగారూల కోసం ఇలాంటి బంపర్లు చేసే ఏ.ఆర్.బి. లాంటి కంపెనీలు ఒక్కో మోడల్‌కు విడిగా పరీక్షించి, బ్రాకెట్‌లోనే నలిగే భాగం పెట్టి చేస్తాయి. మన వెల్డింగ్ షాపుల్లో, నా షాపుతో సహా, ఆ పరీక్ష ఎవరూ చేయరు. చేశామని చెప్పేవాడిని నమ్మొద్దు.

చట్టం సంగతి కూడా ఇక్కడే తెగ్గొట్టేద్దాం, తర్వాత దాని జోలికి పోను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిపోయేలా బండిని మార్చకూడదు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ ఈ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద, అంటే ముందు బిగించే ఇలాంటి ఇనుప కట్టడాల మీద, చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని ఉంది. ఆపుతారా ఆపరా అనేది చెక్‌పోస్టు దగ్గర నీ అదృష్టం. ఆపితే జరిమానాతోనే పోయిందనుకున్నా, అసలు భయం ఇన్సూరెన్స్. నీ బంపర్ తగిలి దారిన పోయే మనిషికి ఏమన్నా అయితే ఆ కేసులో నీ తరఫున మాట్లాడటానికి ఒక్క కాగితం ఉండదు. రోడ్డు మీద నడిచే మనిషి మోకాలికి మెత్తటి ప్లాస్టిక్ తగలడం వేరు, 6 మి.మీ. ప్లేటు అంచు తగలడం వేరు. అందుకే నేను ఈ పని ఒప్పుకునేది తోటలకు, క్వారీలకు, సొంత పొలాలకు పోయే బండ్లకే. అదీ కంపెనీ బంపర్ పారేయకుండా గోడకు తగిలించుకుని, రోడ్డు మీద తిరిగే రోజుల్లో మళ్ళీ అదే వేసుకునేలా, కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టకుండా బోల్టుల మీద చేస్తా. మార్చడానికి ఇద్దరు మనుషులు, ఒక గంట. నీకు ఆ గంట ఓపిక లేదనుకుంటే ఇక్కడితో చదవడం ఆపి, కంపెనీ బంపర్ కొత్తది కొనుక్కో.

ఓపిక ఉందంటావా, అయితే మందం లెక్కకు పోదాం. ఇనుము ప్లేటు ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందం, బరువు 7.85 కిలోలు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే ఏ షాపులోనూ నిన్ను మోసం చేయలేరు. నీ బండి సైజుకు ముందు బంపర్‌కు సుమారు 1.4 చదరపు మీటర్ల ప్లేటు పడుతుంది. 3 మి.మీ. అయితే 33 కిలోలు, 5 అయితే 55, 6 అయితే 66. దీనికి బ్రాకెట్లు, కొక్కాలు, పైన ఒక పైపు, లైట్ల పట్టీలు కలిపితే ఇంకో 20, 25 కిలోలు. అంటే మీ షాపాయన చెప్పే బంపర్ 90 కిలోలు తూగుతుంది.

ఆ బరువు కూడా ముందు చక్రాల మీద అంతే పడితే బాగుండేది. బంపర్ ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడుతోంది కదా, ఉయ్యాల బల్ల లెక్క. నీ బండి వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం, 3,095 మి.మీ. బంపర్ బరువు ఇరుసుకు ఒక 85 సెంటీమీటర్లు ముందు ఉందనుకో, 80 కిలోల బంపర్ పెడితే ముందు చక్రాల మీద 102 కిలోలు పెరుగుతుంది, వెనక చక్రాల మీద 22 కిలోలు తగ్గుతుంది. వించి ఇంకో 40 కిలోలు కలిపితే ముందు 153 పెరిగి వెనక 33 తగ్గుతుంది. ఖాళీ పికప్‌కు అసలే వెనక బరువు ఉండదు, వానలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు వెనక చక్రాలు ఎంత తేలిగ్గా జారతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వెనక నుంచి ఇంకా బరువు తీసి ముందు పెడుతున్నావు. స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైర్ల అంచులు అరుగుతాయి, హెడ్‌లైట్లు నేల చూస్తాయి, గుంతలో పడితే షాక్ అబ్జార్బర్ చివరి దాకా కూర్చుని "ధన్" మంటుంది.

మరి పలచగా చేస్తే వంగిపోదా అంటావు. మీ ఊర్లో రేకుల షెడ్డు పైకెక్కి చూడు. రేకు మందం అర మిల్లీమీటరు కూడా సరిగ్గా ఉండదు, చదునుగా ఉంటే చేత్తో చుట్టేయొచ్చు, ముడతలు ఉన్నందుకే మనిషి ఎక్కినా మోస్తుంది. బంపర్‌కూ అదే సూత్రం. చదును ప్లేటు మందం రెట్టింపు చేస్తే బరువు రెండింతలు, బిరుసు ఎనిమిదింతలు అవుతుంది, నిజమే. కానీ అదే 3 మి.మీ. ప్లేటును బెండింగ్ మిషన్ మీద పైన ఒక మడత, కింద ఒక మడత, మధ్యలో ఒక విరుపు ఇచ్చి, లోపల రెండు మూడు చోట్ల అడ్డపట్టీలు వేస్తే, చదునుగా కోసి అతికించిన 6 మి.మీ. కంటే గట్టిగా నిలబడుతుంది. కొన్ని షాపుల వాళ్ళు 6 మి.మీ. ఎందుకు అంటారంటే వాళ్ళ దగ్గర బెండింగ్ మిషన్ ఉండదు. ముక్కలు కోసి మూలమూలకూ వెల్డింగ్ పెడతారు, పలచటి ప్లేటు అయితే ఆ వేడికి మెలితిరుగుతుంది, మందం ప్లేటు అయితే వాళ్ళ పని సులువు. పైగా ఇనుము కిలోల లెక్కన బిల్లు. కర్నూలులో కల్లూరు ఎస్టేట్ వైపు అడిగినా, అనంతపురంలో అడిగినా, ప్రెస్ బ్రేక్, అదే బెండింగ్ మిషన్, ఉన్న షాపు దొరుకుతుంది. కొలతల గీత (డ్రాయింగ్) ఇచ్చి అక్కడ మడతలు వేయించుకొచ్చి, మిగతా పని నీ వెల్డర్‌తో చేయించుకో. నీకు చెప్పేది ఇదీ: పైన కనిపించే తొడుగు 3 మి.మీ., వించి కూర్చునే చోటు మాత్రం 5 లేదా 6, ఛాసిస్‌కు బిగిసే బ్రాకెట్ ప్లేట్లు 8 మి.మీ.

అల్యూమినియం గురించి అడగలేదు గానీ ఎవడో ఒకడు చెప్తాడు. బరువు మూడో వంతే, బాగుంటుంది. మన దగ్గర దాన్ని సరిగ్గా ఆర్గాన్ పెట్టి అతికేవాళ్ళు తక్కువ, వంగితే మళ్ళీ కాల్చి కొట్టి సరిచేయడం కుదరదు. వదిలెయ్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, బిగింపు. బంపర్ చెడిపోయేది ప్లేటు దగ్గర కాదు, కొక్కెం దగ్గర, బ్రాకెట్ దగ్గర. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తా. తాడిపత్రి అవతల నల్లరేగడిలో, మొదటి వాన పడ్డ మర్నాడు, నేను చేసిన బంపర్ ఉన్న బొలెరో క్యాంపర్ ఒకటి కూరుకుపోయింది. చక్రాలు సగం దాకా లోపలే. చుట్టుపక్కల చేను ఆయన ట్రాక్టర్ తెచ్చి, ఇనుప తాడు వేసి, ఒక్క ఊపు ఊపాడు. బండి కదల్లేదు. బంపర్‌కున్న కొక్కెం ఊడి, తాడుతో పాటు ఈల వేసుకుంటూ పోయి ట్రాక్టర్ మడ్‌గార్డుకు తగిలింది. ఆ మడ్‌గార్డుకు అర అడుగు పక్కన మనిషి కూర్చుని ఉన్నాడు. నేను ఆ ఊడిన కొక్కేన్ని చేతిలోకి తీసుకుని చూశా. అతుకు పొడవు రెండంగుళాలు. అందులో మెరిసే ఇనుము, అంటే నిజంగా కరిగి కలిసింది, చిటికెన వేలి గోరంత. మిగతా అంతా నల్లగా, గాజు పెంకులా, స్లాగు, అంటే వెల్డింగ్ మడ్డి. పైకి మాత్రం అతుకు గీత, మా భాషలో బీడు, ఎంత చక్కగా ఉందో! దాని మీద గ్రైండర్ వేసి నున్నగా చేసి, నల్ల పెయింట్ కొట్టి ఇచ్చింది నేనే. ఆ ముక్క ఇప్పటికీ నా షాపులో మేకుకు వేలాడుతోంది, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి రోజు అదే చూపిస్తా.

లోపం ఎక్కడంటే, కొక్కేన్ని ప్లేటు ముఖం మీద పెట్టి చుట్టూ అతికించా. లాగిన ప్రతిసారీ బరువంతా ఆ అతుకు మీదే. ఇప్పుడు ఎలా చేస్తానంటే, 20 మి.మీ. ప్లేటు కోసి, బంపర్ ముఖంలో గాడి కోసి, దాన్ని లోపలికి దూర్చి, వెనక ఛాసిస్ బ్రాకెట్‌కే రెండు వైపులా అతికిస్తా. అంటే కొక్కెం బంపర్‌ది కాదు, బ్రాకెట్‌ది. బంపర్ తొడుగు ఊడి కింద పడినా కొక్కెం ఛాసిస్‌తోనే ఉంటుంది. ముప్పావు అంగుళం బో షాకిల్‌కు (కొక్కేనికి తాడు తగిలించే, పిన్ను ఉన్న ఇనుప కడియానికి) 4.75 టన్నుల పని భారం అని దాని మీదే పోసి ఉంటుంది, పిన్ను 22 మి.మీ. ఉంటుంది, రంధ్రం 25 పెట్టించు, రంధ్రం నుంచి అంచు దాకా కనీసం ఇంకో 25 వదిలించు. వీటి మీద ఏమీ అచ్చు లేని షాకిల్ ఎంత మెరిసినా కొనొద్దు. ఇక ఎంత బలం పడుతుందంటావా, బురదలో చక్రం లోతు కూరుకుంటే బండి బరువంత, మడ్‌గార్డు దాకా కూరుకుంటే దానికి రెండింతలు లెక్క వేసుకుంటారు రికవరీ చేసేవాళ్ళు. కొంచెం లోడుతో నీ బండి రెండున్నర టన్నులు అనుకుంటే, ఐదు టన్నులు ఒక్క కొక్కెం మీద పడొచ్చు. అందుకే కొక్కేలు రెండు పెట్టించి, బ్రిడిల్ బెల్టు (రెండు కొక్కేలకూ తగిలించే బెల్టు) వేసి రెండింటినీ కలిపి లాగాలి. ట్రైలర్ బాల్‌కు తగిలించి లాగే అలవాటు ఉంటే ఇవాళే మానుకో, అది తెగితే ఫిరంగి గుండే.

బోల్టులు. తల మీద 8.8 లేదా 10.9 అని అచ్చు ఉన్న హెచ్.టి. (హై టెన్సైల్, ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టులు మాత్రమే. 12 మి.మీ. 8.8 బోల్టు తెగాలంటే ఆరున్నర టన్నుల పైన లాగాలి, మామూలు 4.6 బోల్టు అందులో సగానికే తెగుతుంది, ధర తేడా టీ ఖర్చు. ఒక్కో పక్కకు నాలుగు తక్కువ కాకుండా, నైలాక్ నట్లతో (వదులు కాకుండా లోపల నైలాన్ ఉన్నవి), టార్క్ రెంచితో 80 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఛాసిస్ కొమ్ము లోపల డొల్ల. అడ్డంగా బోల్టు వేసి గట్టిగా బిగిస్తే ఆ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, నెల తర్వాత బోల్టు వదులైపోతుంది, మళ్ళీ బిగిస్తావు, మళ్ళీ నొక్కుకుంటుంది. లోపల పైపు ముక్క, స్లీవ్ అంటాం, అది పెట్టి బిగించాలి. కంపెనీ పెట్టిన రంధ్రాల్లో ఇది చాలాచోట్ల ముందే ఉంటుంది, అందుకే వాటినే వాడుకోమంటున్నా. ఛాసిస్‌కు మాత్రం వెల్డింగ్ పెట్టనీయకు. ఆ వేడికి అతుకు పక్కనున్న ఇనుము పెళుసవుతుంది, రెండేళ్ళకో మూడేళ్ళకో అక్కడే పగులు వస్తుంది. బంపర్‌ను బండికి పెట్టి కొలతకు టాక్ కొట్టేటప్పుడు (చుక్కలుగా తాత్కాలికంగా అతికేటప్పుడు) కూడా బ్యాటరీ నెగటివ్ తీసేయమను. నాకు తెలిసిన ఒకాయన తీయలేదు, ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పోయింది, బంపర్ ఖర్చు కంటే అదే ఎక్కువైంది.

అతుకు నాణ్యత నీకు ఎలా తెలుస్తుంది? పెయింట్ వేయకముందు చూస్తానని ముందే ఒప్పందం చేసుకో. దీనికి ఒప్పుకోని షాపులో పని ఇవ్వొద్దు, అంతే. వెళ్ళినప్పుడు వెనక వైపు చూడు, ముందు కాదు. 8 మి.మీ. ప్లేటుకు అంచులు వాలుగా గ్రైండ్ చేసి అతికించారా అడుగు. సీఓటూ వెల్డింగ్ అయితే తొడుగుకు బాగుంటుంది, బ్రాకెట్లకు కొక్కేలకు నేనైతే 7018 రాడ్డు వాడతా, అదీ ఓవెన్‌లో ఆరబెట్టి. డబ్బా తెరిచి నెల రోజులు మూలన పడేసిన రాడ్లతో కొడుతుంటే ఒక మాట అడుగు, తప్పేం లేదు. బీడు పక్కన ప్లేటు తినేసినట్టు గాడి కనిపించినా, సూదిరంధ్రాలు కనిపించినా మళ్ళీ కొట్టించు. కొక్కెం అతుకుల మీద గ్రైండర్ పెట్టనీయకు, వికారంగా ఉన్నా సరే అలాగే ఉండనీ.

రూపం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మట్టిదోవలో పనికొచ్చేది నిజానికి ఇదే. మీ వంక దిగేటప్పుడు బండికి మొదట తగిలేది బంపర్ కింది అంచు. ఇంట్లోనే కొలవొచ్చు: ముందు టైరు నేలకు ఆనిన చోటు నుంచి బంపర్ కింది అంచుకు పురికొస కట్టు, అది నేలతో ఎంత కోణం చేస్తుందో అంతే నువ్వు ఎక్కగలిగే గట్టు. అంచు నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, టైరు ఆనిన చోటుకు 80 ముందుకు ఉంటే 29 డిగ్రీలు. అదే బంపర్ కింది భాగం మూలల్లో కోసేసి అంచును 55కు ఎత్తి, 70కి లోపలికి తెస్తే 38 డిగ్రీలు. నిండుగా, గంభీరంగా కనిపించాలని కిందికి ప్లేటు దించారనుకో, 38 సెంటీమీటర్లకు దిగితే 25 డిగ్రీలే. అంటే డబ్బు పెట్టి, బరువు మోసి, ప్లాస్టిక్ బంపర్‌తో దాటే వంకను దాటలేకుండా చేసుకున్నట్టు. ఇలాంటి బండ్లు వారానికొకటి చూస్తా, కడప రిజిస్ట్రేషన్లే ఎక్కువ, ఏమనుకోకు.

గాలి మర్చిపోవద్దు. మన ఎండలు 42, 43 డిగ్రీలు. ముందు ప్లేటు నిండుగా మూసి, దాని మీద పొడవు ఎల్ఈడీ బార్, పక్కన రెండు గుండ్రటి లైట్లు, మధ్యలో నంబర్ ప్లేటు, ఇవన్నీ రేడియేటర్‌కు అడ్డం. మేలో ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఘాట్ రెండో గేరులో ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు లేస్తుంది, అప్పుడు పైన ఆగి పాలకోవా తింటూ ఇంజిన్ చల్లబడేదాకా కూర్చోవాలి. కోవా మంచిదే గానీ ప్రతిసారీ కాదు కదా. కంపెనీ బంపర్‌లో గాలి పోయే సందు ఎంత ఉందో టేపుతో కొలిచి, కొత్తదానిలో అంతకు తగ్గకుండా ఉంచమను. నంబర్ ప్లేటు పక్కకు జరపొద్దు, కింది వరసలో పెట్టించు, స్పష్టంగా కనపడాలి. ఇంకా, క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది, బంపర్ ఛాసిస్‌కు బిగిసి ఉంటుంది, రెండూ వేర్వేరుగా ఊగుతాయి. మధ్యలో 15, 20 మి.మీ. ఖాళీ లేకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే మడ్‌గార్డు రంగు గీక్కుపోతుంది.

వించి విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. లెక్క ప్రకారం బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే నీకు 9,500 పౌండ్లది, 4.3 టన్నులు. అది కూడా డ్రమ్ము మీద తాడు అడుగు వరస మాత్రమే మిగిలినప్పుడు లాగే బలం, తాడు నిండా చుట్టి ఉంటే అంత రాదు. గట్టిగా లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, బ్యాటరీ పాతదైతే బండి స్టార్ట్ కాకుండా ఆగిపోతుంది. సరే, అవన్నీ పెట్టావనుకో, తాడు దేనికి కడతావు? నల్లమలలో అయితే చెట్లున్నాయి, కానీ అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలకూడదు. మన మైదానాల్లో ఉండేది కంప చెట్టు, బండి కంటే ముందు అదే వేళ్ళతో సహా ఊడొస్తుంది. స్టెప్నీని గుంత తవ్వి పాతిపెట్టి దానికి కట్టే విద్య ఉంది, జూన్ ఎండలో ఆ గుంత ఒకసారి తవ్వి చూడు. మీ తోట దారిలో వించి బిగించే లోపు పక్క చేను ట్రాక్టర్ వస్తుంది. ఆ డబ్బుతో రెండు రికవరీ బోర్డులు (కూరుకున్న చక్రం కింద పెట్టే పలకలు), ఒక సాగే బెల్టు, నాలుగు మంచి షాకిళ్ళు, చిన్న గాలి పంపు కొనుక్కో. బంపర్‌లో వించి జాగా మాత్రం ఉంచుకోవచ్చు. ఎప్పటికైనా పెడితే సింథటిక్ తాడు పెట్టు, తెగినా ఇనుప తాడులా కొరడా వెయ్యదు, బరువు తక్కువ. ఆ తాడు బయటికి వచ్చే చోట రోలర్లు కాదు, నున్నటి హాస్ ఫెయిర్‌లీడ్ (తాడు దూరే నున్నటి సందు ఉన్న పలక) పెట్టాలి.

పెయింట్ గురించి త్వరగా. పౌడర్ కోటింగ్ అందం, కానీ కింద సాండ్ బ్లాస్టింగ్, జింక్ ప్రైమర్ లేకపోతే రాయి తగిలి చిట్లిన చోట నుంచి తుప్పు లోపల లోపలే పాకి ఒకరోజు పొరలా ఊడుతుంది. గుట్టల్లో తిరిగే బండికి ఎపాక్సీ ప్రైమర్, మ్యాట్ నల్ల పీయూ పెయింట్ చాలు, గీత పడితే సాయంత్రం నువ్వే బ్రష్‌తో దిద్దుకుంటావు. పైపు వాడితే కింది వైపు 8 మి.మీ. రంధ్రం పెట్టించు, లేకపోతే వంక నీళ్ళు లోపలే నిలిచి లోపల నుంచి తింటుంది.

ఇదంతా చెప్పాక ఇంకో మాట. నువ్వు చెప్పిన ఇబ్బంది విన్నాక నాకు అనిపించింది, నీకు ముందు బంపర్ రెండో పనే. వి-క్రాస్ తోక పొడవు, వంక దిగి ఎక్కేటప్పుడు వెనక బంపర్ నేలకు రాసుకుంటుంది, నీ ఫోటోలో వెనక మెట్టు కింద గీతలు నాకు కనిపించాయి, అవి పంది చేసినవి కావు. వెనక మూలలు కోసి, రెండు కొక్కేలతో ఒక చిన్న బంపర్, దాదాపు 25 కిలోల్లో అవుతుంది, వెనక బరువు పెరగడం నీకు మంచిదే. ముందు వైపు ఇంజిన్ కింద 4 మి.మీ. స్కిడ్ ప్లేటు (రాళ్ళు తగలకుండా కాపాడే ప్లేటు), ఆయిల్ మార్చడానికి కిటికీతో. ఈ రెండూ అయ్యాక ముందు దానికి రా. పందికి మాత్రం బంపర్ కంటే మంచి మందు రాత్రిపూట ఆ నాలుగు కిలోమీటర్లు ఇరవై స్పీడులో పోవడమే, నేనూ అదే చేస్తా.

చేయించాలని తేల్చుకుంటే ఒక పని చెయ్. మొదలుపెట్టకముందు ఏదన్నా బండల ఫ్యాక్టరీ దగ్గర వేబ్రిడ్జికి పోయి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి తూకం వేయించి చీటీ తీసుకో. తర్వాత చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చక్రాలకూ టేపుతో కొలిచి రాసుకో. బంపర్ ఎక్కినాక మళ్ళీ అదే కాటా, అవే కొలతలు. ముందు 20 మి.మీ. కంటే ఎక్కువ దిగిందంటే స్ప్రింగులు మార్చాలి, హెడ్‌లైట్లు మళ్ళీ సెట్ చేయించాలి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టూ ఒకసారి రెంచితో చూసుకో, ఒక్కటైనా తిరిగితే స్లీవ్ పెట్టలేదని అర్థం, తిరిగి షాపుకు తీసుకెళ్ళు.

కంపెనీ బంపర్ ఊడదీసినప్పుడు ఛాసిస్ రెండు కొమ్ముల మధ్య దూరం, రంధ్రాల సైజు, కొమ్ము చివర నుంచి రేడియేటర్ దాకా ఉన్న ఖాళీ, ఈ మూడు కొలతలు, ఎదురుగా పెట్టి తీసిన ఒక ఫోటో పంపు. బ్రాకెట్ గీత నేను వేసిస్తా, మీ షాపాయన కోసుకుంటాడు. 6 మి.మీ. అని ఆయన పట్టుబడితే, తొడుగుకు వద్దు, ఆ ఇనుమంతా బ్రాకెట్‌లో పెట్టమని నా మాటగా చెప్పు.